పిట్టకు పెట్టిన పొద్దు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో జాకెట్లు కుట్టే లచ్చవ్వ నోటికి జడవని వాళ్లు లేరు. కొలతకొచ్చిన ఆడవాళ్లు కడుపు లోపలికి పీల్చుకుంటే, "ఊపిరి ఇడువమ్మా, రేపు పెండ్లిల తినవా ఏంది?" అని మొహం మీదే అనేది. అలాంటి మనిషి, భర్త పోతే ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. సందంతా ఆడిపోసుకుంది.

మొగుడు శివరాములు గుండె ఆగి కుట్టుమిషన్ మీదే ఒరిగిపోయాడు. పంజగుట్ట శ్మశానం కూతవేటు దూరంలో ఉండగా, లచ్చవ్వ అతన్ని పెట్టెలో పెట్టించి, పాస్టరుతో ప్రార్థన చేయించి, వేరే చోట సిలువ కింద మట్టి చేయించింది. ఆలుమగలిద్దరూ ఎప్పుడో బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. అయినా సమాధి దగ్గర మరిది హనుమాండ్లు నలుగురి ముందూ నిలదీశాడు.

"మా అన్నకు కొరివి పెట్టనియ్యలే. ఏం ఆడిదానివి నువ్వు?"

"ఆయనే గిట్ల జెయ్యుమన్నడు. నీకు చెప్దామంటే నువ్వు మాట్లాడితే గద!"

అన్న చర్చికి పోయిన నాటి నుంచి తమ్ముడు మాట మానేశాడు. సిరిసిల్ల నుంచి చేయి పట్టుకుని తెచ్చి, కత్తెర పట్టడం నేర్పిన అన్నతో!

పాస్టరు మీద కూడా ఆమెకు మంటే. "ఏడవకమ్మా, ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు" అని ఆయన మెత్తగా అంటే ఒళ్లు మండింది.

"ఉన్నడని నాకెరుకే అయ్యా. నాకు చెప్పకుండ ముందుగాల ఎందుకు పోయిండో, ఆడ కలిసినప్పుడు నేనే అడుగుత."

ఆమె నమ్మకం అలాంటిది. పరలోకం ఉందా లేదా అన్న అనుమానమే లేదు. అక్కడ మొగుడితో తేల్చుకోవాల్సిన తగాదా మాత్రం ఉంది.

మూడో రోజు పొద్దున హనుమాండ్లు బోరబండ నుంచి టిఫిన్ డబ్బాతో దిగాడు. పిట్టకు పెట్టాలట. పోయినవాడికి ఇష్టమైనవి వండి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే అతని మనసు ఇంకా ఇక్కడే కొట్టుకుంటోందని లెక్క. లచ్చవ్వ డాబా మెట్లకు అడ్డంగా నిలబడింది.

"మా ఇంట్ల గసొంటియి లెవ్వు."

"డాబా ఓనరుది. నీది కాదు. జరుగు వదినా."

తోసుకుని పైకి పోయాడు. విస్తరిలో అన్నం, బోటి కూర పెట్టి, పక్కన మందు సీసా పెట్టాడు. లచ్చవ్వ ఆ సీసా లాక్కుని తూములో ఒంపేసింది.

"తాగుడు ఎన్నడో మానేసిండు. వచ్చి పోయేటోనివైతే తెలుస్తుండె!"

హనుమాండ్లు విస్తరి సర్దాడు. పావురాలు వాలితే తువ్వాలతో తోలాడు. పక్కింటి నీళ్ల ట్యాంకు మీద ఒక కాకి కూర్చుంది గానీ దిగలేదు.

"వదినెను నేను చూసుకుంట అన్నా. రా," అని బతిమాలాడు.

"నన్ను నువ్వు చూసుడేంది? నీ మొఖానికి!"

ఎండెక్కింది. లచ్చవ్వ చూపు మాటిమాటికీ ట్యాంకు వైపే పోతోంది. కాకి వచ్చి ముడితే బాగుండునని అనిపిస్తోంది. ప్రభువును నమ్ముకున్నదానికి కాకితో పనేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది. చివరికి ఆ కాకి లేచి ఎర్రమంజిల్ వైపు ఎగిరిపోయింది.

హనుమాండ్లు విస్తరి ముందు కూలబడి భోరుమన్నాడు. "నా మీద కోపంతోనే పోయిండు అన్న."

"ఏడ్వకు. ఆయన దేవుని దగ్గర సల్లగున్నడు."

"నీకేంది వదినా! మళ్ల కలుస్తవని నీ దేవుడు చెప్పిండు. నాకెవలు చెప్పిండ్రు? నాకు గా కాకి ఒక్కటే ఉండె."

లచ్చవ్వ విస్తరిని పక్కకు జరిపింది. అతని పక్కనే చతికిలబడింది.

"కోపమని కాకిని అడుగుతవేందిరా, నన్నడుగు. క్రిస్మస్ క్రిస్మస్‌కు నీ కొలతకు అంగీ కుట్టి బట్టల పెట్టెల దాచిండు. గా అంగీలతోని నా చీరలకు జాగ లేకపాయె."

హనుమాండ్లు తలెత్తాడు. "నేను సుత ఆ దేవుని దగ్గరికి వస్తే అన్న కలుస్తడా? నా అసొంటోన్ని రానిస్తరా?" అన్నాడు.

"నన్ను రానిచ్చేటోళ్లు నిన్ను రానియ్యరా?" అని కసిరి, లచ్చవ్వ అప్పుడు ఏడ్చింది.