రెండో మాట

మా అత్తయ్యకు నోరెక్కువ. ఈ మాట ఆవిడ వెనకాల కాదు, మొహం మీదే అన్నదాన్ని కాబట్టి ఇప్పుడు రాయడానికి నాకేం బెరుకు లేదు. బల్కంపేటలో పుట్టి, పక్క సందులోకే కోడలిగా వెళ్లి, గుడి దగ్గర పూలమ్మే ఆవిడ నుంచి కరెంటు మీటరు చూసే మనిషి దాకా అందర్నీ గుమ్మంలోంచే కేకేసి ఆపి కబుర్లు పెట్టే మనిషి. నేనేమో తెనాలి పిల్లని. నా మాట వింటే ఆవిడకు నవ్వు ఆగేది కాదు.

"ఏంటండీ, ఏంటండీ... గదేం మాటనే? స్టేజీ మీద నాటకమాడినట్టు. జర మనుషుల లెక్క మాట్లాడు."

"మా ఊళ్లో మనుషులు ఇలాగే మాట్లాడతారత్తయ్యా."

"అయితే మీ ఊరంత నాటకమే పో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఏళ్ల తరబడి ఇలా దెబ్బలాడుకుంటూనే ఒక ఇంట్లో ఉన్నాం. మా ఆయన ఆవిడకు ఒక్కడే కొడుకు. మేమిద్దరం మొదలుపెట్టగానే టీవీ సౌండు పెంచుకుని కూర్చునేవాడు.

అలాంటి నోరు ఒక పొద్దున, టీ గ్లాసు చేతిలో ఉండగానే పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. పంజాగుట్టలో పెద్దాసుపత్రిలో చాలా రోజులుంచి ఇంటికి పంపారు. మాట్లాడబోతే "బ... బ..." అని తప్ప రాదు. పోనీ తలూపుతుంది కదా అనుకుంటే, దాన్నీ నమ్మొద్దంది అక్కడ మాటలు నేర్పే డాక్టరమ్మ. ఈ జబ్బులో అవును, కాదు తారుమారవుతాయట. ఆ రోజు నుంచి ఆవిడ తల ఎటు ఊపినా మాకు అనుమానమే.

అప్పటికి నేను మైత్రీవనం వెనక సందులో ఒక కోచింగులో చేరి ఉన్నాను, మొబైల్ యాప్‌లు తయారుచేయడం నేర్చుకుందామని. ఎప్పుడో చదివిన కంప్యూటర్ డిగ్రీకి పట్టిన బూజు దులిపి, మళ్లీ ఉద్యోగం చేద్దామని నా ఆశ. క్లాసులో అందరూ హాస్టల్ పిల్లలు. నన్ను అక్కా అనాలో ఆంటీ అనాలో తేలక మేడమ్ అని వదిలేశారు. కోర్సు అయ్యేలోపు ఎవరికి వాళ్లు ఒక యాప్ చేసి చూపించాలి. వాళ్లంతా సార్ ఇచ్చిన బిర్యానీ ఆర్డర్ యాప్‌నే రంగులు మార్చి దింపుకుంటుంటే, నేను మా అత్తయ్యకు ఒక నోరు చేసిపెడదామనుకున్నాను.

ఆలోచన చిన్నదే. ఫోన్‌లో మొదటి పేజీ నిండా బొమ్మలు: నీళ్లు, బువ్వ, నొప్పి, బాత్రూం, గుడి, దవాఖాన. ఏది నొక్కితే ఆ మాటను ఫోన్ పైకి చెప్తుంది. వెంటనే రెండో పేజీ వస్తుంది. అందులో రెండే బొమ్మలు, ఎడమ పక్క 'కావాలె', కుడి పక్క చివర 'వద్దు'. వాటిలో ఒకటి నొక్కినా, కాసేపు ఊరుకున్నా మళ్లీ మొదటి పేజీ. ఇంతే కదా, రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది.

కంప్యూటర్ మీద ఒక ఉత్తుత్తి ఫోన్ ఉంటుంది. అందులో నా యాప్ ముద్దుగా నడిచేది. నిజం ఫోన్‌లోకి ఎక్కించగానే, బొమ్మలు మరీ పెద్దవి పెట్టానట, తెరిచీ తెరవకముందే ఠప్పున మూసుకుపోయింది. అది చక్కబెడితే అక్షరాల తలకట్లు తెగిపోయాయి. అదీ అయిందనుకుంటే గొంతు రికార్డు కాలేదు, మైకు వాడుకోవడానికి అనుమతి అడగడం మర్చిపోయానట. తప్పు జరిగితే బారెడు ఎర్ర అక్షరాలు వచ్చేవి. అందులో నాకు అర్థమయ్యేది నేను పెట్టుకున్న ఫైలు పేరొక్కటే. పక్క సీటు అబ్బాయిని అడిగితే, "నా ఫోన్ల మంచిగనే నడుస్తుంది మేడమ్" అనేవాడు. క్లాసులో ఎవర్ని ఏమడిగినా అదే జవాబు. కొన్నాళ్లకు నాకూ ఆ మాటే అలవాటైంది.

ఇక గొంతు. ముందు ఫోన్‌లో ఉండే మరమనిషి గొంతు పెట్టాను. "నీరు" అంది అది. అత్తయ్య మొహం చిట్లించింది. నా గొంతుతో "కావాలి" అని రికార్డు చేస్తే మొహమే తిప్పేసుకుంది. అంత జబ్బులోనూ ఆవిడకు నా తెనాలి పనికిరాలేదు! కోపమొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. వంటింట్లో తలుపేసుకుని ఆవిడ మాట్లాడినట్టే మాట్లాడడం సాధన చేశాను. బువ్వ. కావాలె. దవాఖాన. ఇన్నేళ్లు చెవులు చిల్లులు పడేలా విన్నవే కదా, వచ్చేశాయి. వినిపించినప్పుడు ఆవిడ మూతి ఒక పక్కకు జారింది. నవ్వే అది.

యాప్‌ను మా ఆయన పాత ఫోన్‌లోకి ఎక్కించి ఆవిడ ఎడమ చేతికిచ్చాం. "నీళ్లు" అంది ఫోన్. మా ఆయన గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, కళ్లలో నీళ్లు. ఆ తర్వాత "నీళ్లు" అనగానే నీళ్లు, "బువ్వ" అనగానే బువ్వ. మొదటి మాటకే అన్నీ ముందుకొస్తుంటే ఆవిడకు రెండో పేజీతో పని లేకపోయింది. 

కానీ మా ఆయనకు అది చాలలేదు. డాక్టరమ్మ ఒక ఆశ పెట్టింది. "ఇప్పుడు ఒక్కో మాట చెప్తున్నారు. ఎప్పుడైనా రెండు మాటలు కలిపితే నాకు చెప్పండి. అప్పుడు వారానికోసారి కాదు, రోజూ తీసుకురండి. గట్టిగా ప్రయత్నిద్దాం" అంది. ఇక మా ఆయనకు అదే జపం. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగేవాడు. "కలిపిందా?"

కలపలేదు. పైగా రోజులు గడిచేకొద్దీ ఆవిడ వేలు ఒక్క బొమ్మ మీదికే పోసాగింది. "దవాఖాన." కాసేపాగి మళ్లీ "దవాఖాన." మళ్లీ అదే.

"ఏమైతుందో ఏమో అమ్మకు, చెప్పుకోనీకె రాదు. పోదాం పా" అనేవాడు మా ఆయన. వెంటనే ఆటో.

ఆ ప్రయాణం మాటలా? ఆవిణ్ణి కుర్చీతో సహా మెట్లు దింపాలి. ఆటోలో నేనొక పక్క, ఆయనొక పక్క నొక్కి పట్టుకోవాలి. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద బండ్లు కదలవు. ఒకసారి బోనాలప్పుడు డప్పులు వినిపిస్తుంటే ఆవిడ వెనక్కి, మా వీధి వైపు, మెడ తిప్పి చూస్తూనే ఉంది. ఆసుపత్రిలో పడిపోయిన చెయ్యిని పట్టి వంచుతారు, లాగుతారు. ఊరంతా కేకేసి పిలిచిన మనిషికి ఆవు బొమ్మ చూపించి "ఇదేంటమ్మా, చెప్పండమ్మా" అంటారు. ఆవిడ కళ్లు మూసుకునేది. ఎంత పిలిచినా తెరిచేది కాదు. ఇంటికొచ్చి మంచం మీద వాల్చగానే ఫోన్ అందుకుని మళ్లీ "దవాఖాన" నొక్కేది. ఇప్పుడే కదమ్మా వచ్చింది, అని మేం తలలు పట్టుకునేవాళ్లం.

కోర్సు ముగింపుకొచ్చింది. సార్ ఇంటర్వ్యూ ప్రశ్నలు మొదలుపెట్టారు. 'మీ ప్రాజెక్టులో మీకు ఎదురైన సమస్యలేంటి' అని అడుగుతారట. మనకు ఎదురైనవి చెప్పకూడదట, సార్ చెప్పినవి చెప్పాలట. ఆయన చదువుతుంటే అందరూ తలొంచుకుని రాసుకుంటున్నారు.

"ఫోన్ అడ్డంగా ఒరిగితే స్క్రీన్ తిరుగుద్ది. తిరిగినప్పుడల్లా యాప్ ఆ పేజీని పారేసి మళ్లీ కట్టుద్ది. ఎక్కడున్నామో గుర్తు పెట్టుకోమని మనం చెప్పకపోతే, అంతా మర్చిపోయి మొదటి పేజీకి పోద్ది. రాశారా?"

నేను రాయడం ఆపేశాను. నా ఫోన్‌లో స్క్రీన్ తిరక్కుండా ఎప్పుడో ఆపేసుకున్నాను, పడుకుని సీరియల్ చూస్తుంటే తిరిగిపోతోందని. కంప్యూటర్‌లో ఉత్తుత్తి ఫోన్ అయితే ఎప్పుడూ నిటారుగానే నిలబడి ఉంటుంది. అత్తయ్య చేతిలో ఉన్న మా ఆయన పాత ఫోన్‌లో మాత్రం స్క్రీన్ తిరగడాన్ని ఎవరూ ఆపలేదు.

బ్యాగు తీసుకుని లేచాను. "మేడమ్, ఇంకా నాలుగున్నాయి" అంటున్నారు సార్. ఎవడిక్కావాలి! బల్కంపేట దాకా నడిచానో పరుగెత్తానో నాకే తెలీదు.

అత్తయ్య నిద్రపోతోంది. పక్కనున్న ఫోన్ తీసి ఆవిడలాగే వాలిపోయి, ఎడమ చేత్తో మాత్రమే పట్టుకున్నాను. 'దవాఖాన' నొక్కాను. రెండో పేజీ వచ్చింది. 'కావాలె' బొటనవేలి కిందే ఉంది. 'వద్దు' ఎక్కడో కుడి చివర. వేలు అక్కడిదాకా సాగాలంటే ఫోన్ ఒరగాల్సిందే. ఒరిగింది. స్క్రీన్ తిరిగింది. 'వద్దు' పోయి మళ్లీ మొదటి పేజీ వచ్చి కూర్చుంది, నీళ్లు, బువ్వ, నొప్పి బొమ్మలతో.

ఆవిడ ఇన్నాళ్లూ చెప్తూనే ఉంది. సగం మాట దగ్గర ఆవిడ నోరు నేనే మూస్తున్నాను. ఆ సగం విని మేం ఆవిణ్ణి ఆటోలో పడేసుకుని పోతున్నాం. నా చేతుల్ని ఏ రోకలితోనో దంచుకోవాలనిపించింది. సరిచేయడానికి ఎంతసేపు పట్టిందంటారా? ఆ మధ్యాహ్నం వంట కూడా ఆలస్యం కాలేదు. స్క్రీన్ తిరక్కుండా ఒక్క ముక్క రాసి, 'వద్దు'ను తెచ్చి ఎడమ పక్క పెట్టాను.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగి, ఇద్దరం ఉండగా అత్తయ్య చేతిలో పెట్టాను. "ఇప్పుడు చెప్పండత్తయ్యా. ఈసారి పోదు" అన్నాను.

ఆవిడ నావైపు అనుమానంగా చూసింది. వేలు దవాఖాన మీదికి వెళ్లింది. ఫోన్ ఒరిగింది. పేజీ కదల్లేదు. వేలు మెల్లగా జరిగింది.

"దవాఖాన. వద్దు."

నా గొంతే. ఆవిడ మాటే. ఆవిడ మళ్లీ నొక్కింది. "దవాఖాన. వద్దు." కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, ఉన్న ఒక్క చెయ్యీ దానికే వాడుతూ, మళ్లీ నొక్కింది.

మా ఆయన మంచం పక్కన కూలబడ్డాడు. వాళ్లమ్మ పాదాలు పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "కలిపింది! రెండు మాటలు కలిపింది! చూసినవా? మా అమ్మ కలిపింది!"

"ఆవిడ ఏమంటోందో విన్నారా?" అన్నాను.

"విన్న, రెండు మాటలు..."

"వద్దంటోందండీ! దవాఖాన వద్దంటోంది! ఇన్నాళ్ళూ అదే చెప్తోంది!"

"అట్లనే అంటది గని, చిన్నపిల్లలు బడికి పోనంటే మానిపిస్తమా? గిప్పుడిప్పుడే దారికొస్తుంది. జర ఆగు, డాక్టరమ్మకు చెప్తా." అప్పటికే ఫోన్ చెవి దగ్గర ఉంది. మొహం వెలిగిపోతోంది. "మేడమ్, అమ్మ రెండు మాటలు కలిపింది మేడమ్. రేపటి సంది రోజూ తీసుకొస్తం."

అత్తయ్య నావైపు చూసింది. ఎన్నో ఏళ్లు నన్ను మాటలతో పొడిచిన మనిషి, ఒక్క మాటకు సాయం రమ్మని చూసింది. నేను అరిచాను, ఆయనతో దెబ్బలాడాను, ఆ పూట అన్నం కూడా వడ్డించలేదు. నా మాటా చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే ఆటో వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. ఆవిడ ఫోన్ మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.