తిరిగి పెట్టిన దండం

మొన్న ఉదయం ఆఫీసుకు వెళుతుంటే రంగూన్ సిటీ బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు బడిపిల్లలు కూర్చున్నారు. తెల్ల చొక్కాలు, బర్మా బడిపిల్లలు కట్టే ఆకుపచ్చ లుంగీలు, ఒళ్ళో టిఫిన్ క్యారియర్లు. ఒక పిల్ల ఇంగ్లీషు మాట చెబుతుంటే రెండో పిల్ల దానికి చైనీసులో అర్థం చెబుతోంది. తప్పు చెప్పినప్పుడల్లా మొదటి పిల్ల ఆమె చేతి మీద చిన్నగా ఒక్కటి వేస్తోంది. దెబ్బలు తినే పిల్లే ఎక్కువ నవ్వుతోంది. పక్కనున్న వాళ్ళందరికీ ముచ్చటగా ఉన్నట్టుంది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. దిగవలసిన స్టాపు రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. చైనీసు మాట్లాడే మనుషులు ఇంగ్లీషు వల్లెవేస్తుంటే వినడం నాకిప్పటికీ కష్టమే. దానికి కారణం మా ఆఫీసులో పనిచేసిన ఒక ఆంటీ. ఆవిడ నాకు ఏ అపకారమూ చేయలేదు. మర్యాద చేసింది, అంతే.

మా ఆఫీసు చౌక్తడా పేటలో ఒక పాత ఎర్ర ఇటుకల భవనంలో మూడో అంతస్తులో ఉంది. మినుములూ కందులూ ఓడల్లో బయటి దేశాలకు పంపే వ్యాపారం. నేను అక్కడ కంప్యూటర్లు చూసే ఉద్యోగిని. ఏదైనా యంత్రం మొరాయిస్తే, కారణం కావడానికి వీలున్నవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, కానివాటిని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవడం నేను చదివిన చదువు. ఆంటీ చైనీసు ఉత్తరాలు చూసే గుమాస్తా. ఉత్తరాన లాషో వైపు చైనీసు బడిలో చదువుకుని, పెళ్ళయ్యాక రంగూన్‌లో లత పేటకు కాపురానికి వచ్చింది. యాభై దాటిన మనిషి. జడ ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా ఉండేది. బర్మీసు మాట్లాడితే ప్రతి మాట చివరా ఒక మెట్టు దిగినట్టు వినిపించేది. భర్తకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు, కూతురు ఇంకా చదువుకుంటోంది. ఆ ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది.

ఆ ఏడు మా యజమాని వ్యాపారాన్ని వేరేవాళ్ళకు అమ్మేశాడు. కొత్తవాళ్ళు ఇకమీద ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే నడవాలన్నారు. గుమాస్తాలకు పరీక్ష పెట్టారు. వ్యాకరణం, మాటల అర్థాలు, ఒక పేరా చదివి దాని కింద ప్రశ్నలకు జవాబులు. తప్పినవాళ్ళకు ఇంకొక్క అవకాశం, అదీ తప్పితే ఉద్యోగం లేదు. ఆంటీకి పాఠాలు చెప్పే పని నా మీద పడింది. ఇంగ్లీషులో నేనేమీ పండితుణ్ణి కాదు. యంత్రాలతో పాటు వచ్చే పుస్తకాలు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. ఆ పుస్తకాల్లో ఎవరూ ఏడవరు, ఎవరూ నవ్వరు. మూత తీయండి, తీగ కలపండి, మూత వేయండి, అంతే. అయినా ఆఫీసులో అంతకన్నా ఇంగ్లీషు తెలిసినవాళ్ళు మేనేజర్లు మాత్రమే. వాళ్ళకు తీరిక లేదు.

మొదటి సాయంత్రం టీ గదిలోకి వెళ్ళేసరికి ఆంటీ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇక్కడి బళ్ళలో పిల్లలు గురువు ముందు నిలబడే పద్ధతి అది. కూర్చోమన్నాను. నేను కూర్చున్నాకే కూర్చుంటానంది. నన్ను 'సయా' అని పిలిచింది. బర్మాలో గురువును పిలిచే మాట అది. ముందు రోజు దాకా నన్ను 'తమ్ముడూ' అన్న మనిషి! టీ తాగడానికి వచ్చిన ఊలే, అంటే మా లెక్కలు చూసే పెద్దాయన, మేమందరం అలాగే బాబాయి అన్నట్టు పిలిచేవాళ్ళం, గుమ్మంలో ఆగి మా ఇద్దరినీ తేరిపార చూశాడు. "సయాకి మీసం ఇంకా కుదురుకోలేదు. శిష్యురాలికి మనవలు రాబోతున్నారు," అన్నాడు. టీ గది అంతా నవ్వింది. ఆంటీ నవ్వలేదు. "మీసం చూసి అక్షరం నేర్చుకోరు, ఊలే," అంది. నేను బల్ల మీద మరక ఉన్నట్టు తుడుస్తూ కూర్చున్నాను.

నా బోధనా పద్ధతి నా చదువుకు తగ్గట్టే ఉండేది. ఇంగ్లీషులో కాలాలన్నిటికీ ఒక పట్టిక గీశాను. మీద, కింద, లోపల, పక్కన అనే మాటల కోసం ఒక పెట్టె, ఒక బంతి బొమ్మ వేశాను. మాటలను రేవు మాటలు, వంటింటి మాటలు, జబ్బుల మాటలు అని విడగొట్టి గోడకు అంటించాను. ఆంటీ ప్రతి ఇంగ్లీషు మాట నెత్తిన సన్నని పెన్సిలుతో చైనీసు అక్షరం పెట్టుకునేది. ఒకసారి మాత్రం నన్ను ఇరుకున పెట్టింది. "నిన్న అని ముందే చెప్పేశాక క్రియను మళ్ళీ ఎందుకు మార్చాలి, సయా? నిన్న అంటే చాలదా? మా చైనీసులో చాలు." నేను గోడమీది పట్టిక వంక చూసి, అది నియమం అన్నాను. ఆవిడ నియమం అని రాసుకుంది. ఆ రాసుకోవడం చూస్తే నాకు సిగ్గేసింది.

అసలు చిక్కు పేరాల దగ్గర వచ్చింది. ఆవిడ చదువుకున్న బడిలో చదవడమంటే కంఠతా పట్టడం. తిమింగలాల మీద ఒక పేరా ఇచ్చి, రేపటికి చదివి రమ్మన్నాను. మర్నాడు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ పేరా మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట పోకుండా గొంతెత్తి అప్పజెప్పింది. గుక్క తిప్పుకోవడానికి కూడా ఆగలేదు. పక్క గదుల్లోంచి జనం వచ్చి చూశారు. అయ్యాక, తిమింగలం ఏం తింటుంది అని అడిగాను. ఆవిడ కళ్ళు తెరిచి నా వంక ఆశ్చర్యంగా చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుని మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. తిండి దగ్గరకు వచ్చేసరికి ఆగి, "ఇక్కడే ఎక్కడో ఉంది, సయా," అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. తర్వాత నెలల్లో ఎన్ని పేరాలు మార్చినా, ఎన్ని రంగుల గీతలు గీయించినా, ముందు ప్రశ్న చదవండి అని ఎన్నిసార్లు బతిమాలినా ఆ అలవాటు పోలేదు. మొదటి పరీక్ష తప్పింది. రెండోది పండగ వెళ్ళాక అన్నారు.

ఆ పండగ తడింజు, వర్షాకాలం పోతుంటే వచ్చే దీపాల పండగ. ఆ రోజుల్లో ఇక్కడివాళ్ళు తల్లిదండ్రుల దగ్గరకూ గురువుల దగ్గరకూ వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని మొక్కుతారు. వాళ్ళు కదలకుండా కూర్చుని దీవిస్తారు. ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగువాణ్ణి కాబట్టి ఇవన్నీ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నేనూ బడిలో మొక్కినవాణ్ణే. మొక్కించుకునే వైపు ఎప్పుడూ కూర్చోలేదు.

మా ఇల్లు పబేడాన్‌లో నాలుగో అంతస్తు. పండగనాడు ఎవరో వీధిలోకి వేలాడే తాడు లాగితే మా గుమ్మంలో గంట మోగింది. వీధి తలుపు తాళంచెవి తాడుకి కట్టి దించాను. కాసేపటికి ఆంటీ ఆయాసపడుతూ పైకి వచ్చింది. కొత్త పట్టు లుంగీ కట్టుకుంది, చేతిలో బత్తాయిల బుట్ట. నన్ను కుర్చీలో కూర్చోమంది. కూర్చున్నాను. ఎదురుగా నేల మీద మోకాళ్ళు మడిచి, రెండు చేతులూ నుదుటికి జోడించి వంగబోయింది.  మా తెలుగిళ్ళలో పెద్దవాళ్ళు మొక్కితే చిన్నవాళ్ళకు ఆయుక్షీణమంటారు. పైగా పరీక్ష గట్టెక్కించలేని గురువుకి దండమేమిటి? కుర్చీలోంచి జారి నేనూ ఆవిడ ఎదుట మోకాళ్ళ మీద కూలబడి, చేతులు జోడించి వంగాను. మా తలలు రెండూ ఠప్‌మని కొట్టుకున్నాయి. వంటింట్లోంచి గరిటెతో వచ్చిన మా మామ్మ మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"ఏటిరా, ఏటి ఎతుకుతన్నారు ఇద్దరూనూ?" అంది.

ఆంటీకి తెలుగు రాదు. ఆవిడ నన్నే చూస్తోంది. ముఖంలో రంగు పోయింది. నెమ్మదిగా లేచి, లుంగీ సర్దుకుని, ఇన్నాళ్ళూ మీకు శ్రమ ఇచ్చాను అని బర్మీసులో చెప్పి మెట్లు దిగిపోయింది. తల దెబ్బకు నొచ్చుకుందనుకున్నాను. నా వినయానికి నేనే కొంచెం సంతోషపడ్డాను కూడా. ఇవాళ తలుచుకుంటే అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఆ సంతోషమే.

పండగ సెలవులయ్యాక సాయంత్రం టీ గదికి ఆవిడ రాలేదు. మర్నాడూ రాలేదు. కనపడితే పక్కకు తప్పుకుని తల వంచుకునేది. చివరికి ఊలే నన్ను మెట్ల దగ్గర ఆపి ఏం జరిగిందో అడిగాడు. చెప్పాను. ఈసారి ఆయన ఎకసెక్కమాడలేదు. "శిష్యురాలు పెట్టిన దండానికి ఎదురు దండం పెట్టావా? అంటే నువ్వు నాకేమీ కావు, ఇక రావద్దు అన్నట్టు. నీ ఉద్దేశం నాకు తెలుసు. ఆవిడకెలా తెలుస్తుంది? పరీక్ష ఇంకా ఉంది. గురువు వదిలేశాడనుకుని రాయడానికి కూడా వెళ్ళనంటోంది," అన్నాడు.

సాయంత్రం మామ్మకు ఇదంతా చెప్పాను. ఏం చేయాలి అని అడిగితే, ఎల్లి మొక్కించుకో అంది. మరి ఆయుస్సు సంగతో అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, నేనూ వస్తానంది. ఒక మనిషి ఇంటికి వెళ్ళి, దయచేసి నాకు మొక్కండి అని ఎలా అడగాలో దారిపొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ నోటితో అనగలిగేట్టు లేదు. లతలో మూలికల కొట్ల వెనక ఇరుకు సందులో ఆవిడ ఇల్లు. భర్త మంచం మీద నుంచి తల తిప్పి చూశాడు. కూతురు కుర్చీ తెచ్చి వేసింది. నేను నిలబడి నత్తి నత్తిగా మా ఆచారం ఏమిటో, నేనెందుకు అలా చేశానో చెప్పాను. "మీ మర్యాద వద్దని కాదు, ఆంటీ. దానికి నేను తగనని," అన్నాను.

"తగడం తగకపోవడం శిష్యురాలు చూసుకుంటుంది, సయా. మీరు కూర్చుంటే చాలు," అంది ఆవిడ.

అప్పుడు మామ్మ ఇంకో కుర్చీ లాక్కుని నా వెనక వేసుకుని కూర్చుంది. "నువ్వు కదలకు. ఆయమ్మ నీకే మొక్కుద్ది. నీ ఎనకాల నానున్నాను గదా, ఆయుస్సు తగ్గీదేదో నాకాడే ఆగిపోద్ది. నాకింక తగ్గితే ఏటి, తగ్గకపోతే ఏటి," అంది. ఆంటీకి నేను బర్మీసులో అర్థం చెబితే కూతురు తండ్రికి చైనీసులో చెప్పింది. మంచం మీద ఆయన గొంతులో నవ్వులాంటిది గరగరమంది. ఆంటీ వంగింది. మూడుసార్లు నేలకు నుదురు తాకించింది. నేను కుర్చీ అంచులు పట్టుకుని, ఎక్కడ చూడాలో తెలియక గోడమీద కేలండర్ చూస్తున్నాను. మామ్మ వెనకనుంచి వేలితో పొడిచింది. దీవించాలి. నాకు తెలిసిన దీవెనలన్నీ పెద్దవాళ్ళు నాకు ఇచ్చినవే. బాగా చదువుకోవాలి, పెద్ద ఉద్యోగం చేయాలి అనేశాను. యాభై దాటిన మనిషి, చేతిలో ఉన్న ఉద్యోగం నిలబడుతుందో లేదో తెలియని మనిషి, నుదురు నేలమీద ఉంచే, "అలాగే, సయా," అంది.

మర్నాటి నుంచి పాఠాలు మళ్ళీ సాగాయి. రెండో పరీక్షలో వ్యాకరణం గట్టెక్కింది, మాటలు గట్టెక్కాయి, పేరా దగ్గర పడిపోయింది. పేరా మొత్తం కంఠతా పట్టేసరికి సమయం అయిపోయిందట. బల్ల ఖాళీ చేసే రోజు నా గది గుమ్మం దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. "మీరు చెప్పినదాంట్లో తప్పు లేదు, సయా. నాకే పట్టుబడలేదు," అంది.   ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు ఆగేదాకా నేను కంప్యూటర్ తెర మీద ఏదో చదువుతున్నట్టు కూర్చున్నాను.

ఇప్పుడు ఆవిడ లతలోనే ఒక మందుల కొట్లో చైనీసు డబ్బాల మీది రాతలు బర్మీసులోకి మారుస్తోంది. మునుపటి జీతంలో సగం కూడా రాదని కూతురు చెప్పింది. అయినా ఏ తడింజుకూ రావడం మానలేదు. గంట మోగగానే మామ్మ, "నీ బడిపిల్ల ఒచ్చినట్టుంది, కుర్చీలెయ్యి," అంటుంది. ఈ ఏడు నాలుగు అంతస్తులు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు కూర్చుందట. వంగడానికి కూతురి భుజం పట్టుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను, దీవించాను. దీవెన ఇప్పుడు తడబడకుండానే వస్తోంది. ఈ కుర్చీకి తగిన వయసు నాకు వచ్చేదాకా ఆగండి ఆంటీ అని అడగాలని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. కానీ నాకొక ఏడు వచ్చినప్పుడల్లా ఆవిడకూ ఒక ఏడు వస్తుంది. మా ఇద్దరి మధ్య దూరాన్ని కాలం ఒక్క రోజు కూడా తగ్గించలేదు, దండం పెట్టి తిరిగి లేవడానికి ఆవిడకు పట్టే సేపును మాత్రం ఏటేటా కొంచెం కొంచెం పెంచుతూ పోతోంది.