బీరువాలో బదిలీ దరఖాస్తు

రెండువేల తర్వాతి సంవత్సరాల్లో నేను పాల్వంచ అవతల ఒక అడవి మండలంలో మండలాభివృద్ధి అధికారిగా పనిచేశాను. మా దగ్గర చేరినవాళ్లలో చాలామంది చేరిన వారం నుంచే బదిలీ కోసం తిరిగేవారు.

అలాంటి చోటికి బోనకల్ వైపు నుంచి ఒకామె పంచాయతీ కార్యదర్శిగా వచ్చింది. బస్సు దిగి గంట నడిస్తే గానీ ఆమె పనిచేసే ఊరు రాదు. బోరింగుల దగ్గర ఆడవాళ్లతో మాట్లాడుతూ ఆర్నెల్లలో కోయ భాష నేర్చుకుంది. గ్రామసభలో ఆమె వాళ్ల మాటలోనే అడిగేసరికి, అంతవరకు నోరు విప్పని ఆడవాళ్లు లేచి ఏ బోరింగు చెడిందో, ఎవరికి పింఛను రావడం లేదో చెప్పారు. జిల్లా మీటింగుల్లో ఆ ఊరి గురించి నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆమెతో మాత్రం ఒక్క మంచి మాట అనలేదు.

రెండో ఏడు ఆమె బదిలీకి దరఖాస్తు ఇచ్చింది. భర్తది పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం. వారానికొక రోజు కలుసుకునేవారు. నేను ఆ కాగితం పైకి పంపలేదు. బీరువాలో పెట్టి, "పంపిన్నమ్మా, జవాబు రాలేదు" అన్నాను. మూడు నెలలు అదే మాట చెప్పాను.

ఒకరోజు పాత రిజిస్టరు కోసం బీరువా తెరిస్తే అది ఆమె కంటపడింది. తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది ఈడనే ఉన్నదేంది సార్?"

"నువ్వు పోతే ఆ ఊరికి ఎవరొస్తరమ్మా?" అన్నాను.

"నన్ను ఉండమని అడగాల్సింది సార్. గిట్ల దాస్తరా? బస్సు రోడ్డు మీద ఒక క్వార్టర్ ఇప్పియ్యమని ఎన్నిసార్లడిగిన? ఇచ్చుంటే మా ఆయన ఈడినుంచే డ్యూటీకి పోతుండె. నేను ఉంటుంటి."

ఆమె గొంతు పెంచలేదు. నేను అక్కడే సంతకం చేశాను.

"తప్పు చేసినమ్మా."

"అవ్ సార్," అంది.

ఆర్డరు రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా, నేను అడగకుండానే, ఇంటర్ చదివి ఇంటి దగ్గరున్న ఒక కోయ అమ్మాయిని వెంట తిప్పుకుని రిజిస్టర్లు రాయడం, అర్జీలు తీసుకోవడం నేర్పింది. తర్వాత వచ్చిన కార్యదర్శి ఎక్కువగా సెలవులోనే ఉండేవాడు. ఉపాధి హామీ పనులు మొదలైనప్పుడు ఆ అమ్మాయే ఫీల్డ్ అసిస్టెంటుగా ఎంపికైంది. నేను ఆ మండలం వదిలేనాటికి గ్రామసభ ఆ అమ్మాయే నడిపిస్తోంది. నేను వెళ్లిన చివరి సభ అంతా కోయలోనే సాగింది. నేను పక్కనున్న ముసలాయనతో అర్థం చెప్పించుకుంటూ కూర్చున్నాను.