పసుపు కడగని బండ

గ్రీజు మరక మిషన్‌కు లొంగదు. మల్లాపూర్ వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ల ప్యాంట్లు, చొక్కాలు ఇంటి మిషన్‌లో వేస్తే మిగతా బట్టలు కూడా నల్లబడతాయి. అందుకే ఇంటింటికీ మిషన్లు వచ్చినా ఆ మూటలు మాత్రం మా దగ్గరికే వచ్చేవి. సోడా నీళ్లలో నానబెట్టాలి, బండ మీద బాదాలి. వేరే దారి లేదు.

నా బండ నాచారంలో చెరువు ఒడ్డున, ఊటబావి పక్కన ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన, మరిది కలిసి గడ్డపారలతో దొర్లించుకొచ్చి పాతారు. ఆయన బాదీ బాదీ, ఆయన పోయాక నేను బాదీ బాదీ దాని నడుమ గుంత పడింది. తడిబట్ట మడిచి వేస్తే సరిగ్గా ఆ గుంతలో కూర్చునేది. నాకు సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. కళ్లు మూసుకుని అయినా ఆ గుంత ఎక్కడుందో నా చెయ్యి చెప్పేది. అదే నా అన్నం.

చెరువు ఎప్పుడో పాడైంది. మురికినీళ్ల మోరీలన్నీ అందులోకే వచ్చేవి. గుర్రపుడెక్క, దోమలు, వాన పడితే నురగ. అబద్ధం ఎందుకు, ఆ కంపుకు నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నదాన్నే. చెరువు నీళ్లలో ఉతకడం మానేసి బావి నీళ్లతోనే పని కానిచ్చేవాళ్లం. కాబట్టి చెరువు బాగుచేసి పార్కు కడతారని తెలిసినప్పుడు నేనూ సంతోషపడ్డాను. ఎవరికి చేదు, చెప్పండి?

నెత్తిన పచ్చ టోపీ పెట్టుకుని ఒక ఇంజనీరు వచ్చాడు.

"ఇక్కడ వాకింగ్ ట్రాక్ వస్తదమ్మా. పూల చెట్లు, పిల్లలకు ఊయలలు, అన్నీ వస్తయ్" అన్నాడు.

"మరి మా బండలు సార్?" అన్నాను.

"బండలెందుకు? కూసోనీకి బెంచీలే ఏస్తున్నం."

నా పక్కనున్న మరిది భార్య, నా యారాలు, ఊరుకునే మనిషి కాదు. "మేం కూసునేటోళ్లం కాదు సారూ, నిలబడి బాదేటోళ్లం" అంది. ఆయన నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

ఒకనాడు పొద్దున్నే జేసీబీ దిగింది. మిగతా ఇండ్లవాళ్ల బండలు ఒక్కొక్కటే పెకిలించి లారీలో వేస్తున్నారు. మాది బావి పక్కన చివరిది.

మా చాకలోళ్లకు కులదేవుడు మడేలయ్య పండుగ ఉంటుంది. ఆ రోజు బట్ట తడపం. బండను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మొక్కుతాం. మర్నాడు పొద్దున బావి నీళ్లతో ఆ పసుపు కడిగేశాకే మొదటి బట్ట వేస్తాం. పసుపు ఉన్నంతసేపు అది దేవుడు. కడిగితే మళ్లీ మా పనిముట్టు. మా పెద్దల నుంచి నడుస్తున్న పద్ధతి అది.

యారాలు ఎక్కడికో ఉరికి పసుపు పొట్లం పట్టుకొచ్చింది. "అక్కా, ఆ మిషనోడు ఇటు మర్లుతున్నడు. బండకు పసుపు పెడ్త."

"ఇయ్యాల పండుగ కాదు గదనే."

"బండ పోయినంక ఏ పండుగ జేస్తవ్? నువ్వైతే ముట్టకు, నేను పెడ్త."

ముట్టొద్దనడం నా మొగుడు పోయినందుకు. నాకు కోపం రాలేదు, అది నన్ను కాపాడుతున్నాననే అనుకుంది. గబగబా పసుపు పూసింది, తన నుదుటి కుంకుమ తీసి బొట్టు పెట్టింది, పక్కన వేపకొమ్మ గుచ్చింది. జేసీబీ అబ్బాయి చూసి మిషన్ ఆపి, చెప్పులు విడిచి కిందికి దిగాడు.

"ఏ అమ్మవారమ్మా?"

"కట్టమైసమ్మ. చెరువును కాసే తల్లి. కదిలిస్తవా, నీ ఇష్టం" అంది యారాలు.

"నాకెందుకమ్మా, పిల్లలు గలోన్ని" అని దండం పెట్టి మిషన్ వెనక్కి తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. మా ఆయన ఉంటే ఎంత నవ్వేవాడో. పొద్దున్నే వెళ్లి కడిగేద్దాం అనుకున్నాం.

పొద్దున వెళ్లేసరికి చుట్టూ రేకులు కొట్టేశారు. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పార్కు తెరిచేదాకా మా పసుపు అలాగే ఉండిపోయింది.

ఈలోగా అద్దె గది బాత్రూములోనే ఉతికాను. కింద ఉండే ఇంటి ఓనరమ్మ "ఏం కొట్టుడమ్మా, గోడలు కూలుతయ్" అని అరిచేది. మెల్లగా బాదితే గ్రీజు పోదు. మరక పోకపోతే మూట మళ్లీ రాదు. మల్లాపూర్ మూటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

పార్కు తెరిచారని తెలిసి ఇద్దరం మూట ఎత్తుకుని వెళ్లాం. బాగుంది, కాదనను. కంపు లేదు. బూట్లు వేసుకున్నవాళ్లు చేతులు ఊపుకుంటూ తిరుగుతున్నారు. మా బండ దగ్గర ట్రాక్ వంపు తిరిగింది. బండకు ఎర్రరంగు వేశారు, వెండి కళ్లు పెట్టారు, పట్టుచీర కట్టారు. చుట్టూ స్టీలు కటకటాలు. బావికి ఇనుప జాలీ బిగించి తాళం వేశారు. ఆ నీళ్లు ఇప్పుడు తీర్థం.

"మూటతోని లోపలికి రావొద్దమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"అది మా రేవు బండ, బిడ్డా."

"అమ్మవారిని పట్టుకొని బండంటవేంది? కండ్లు పోతయ్."

యారాలు కొంగు బిగించింది. "అరే, దానికి పసుపు పెట్టిందే నేను!"

"అట్లనా? నీకు మస్తు పుణ్యం. జర జరుగు, తొవ్వకు అడ్డం."

అక్కడికి గుడి కమిటీ పెద్దాయన వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరయిన మనిషి, ఆంధ్రవైపు ఆయన. మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, ఇది స్వయంభువు. తెలియక మీరు అమ్మవారి మీద బట్టలు ఉతికారట. ఆ దోషం పోవడానికి మేం శాంతి కూడా చేయించాం. మీరేం బాధపడకండి."

నేను అన్నం తిన్న చోటికి నా వల్ల మైల అయిందట. నా తరఫున శాంతి కూడా అయిపోయిందట.

ఆయన మంచివాడే. అమ్మవారి చీరలు ఉతికే పని నాకు అప్పగించాడు. వద్దనడానికి నా చేతిలో వేరే పని లేదు. ఒప్పుకున్నాను.

మొన్న శుక్రవారం ఉతికిన చీర తీసుకుని వెళ్లాం. కటకటాల తలుపు దగ్గరే పూజారి నన్ను ఆపాడు. "చీర ఇట్లియ్యి. కట్టేటందుకు ముత్తైదువే లోపలికి రావాలె."

యారాలు నా మొహం చూసింది. "పోవే" అన్నాను. అది లోపలికి వెళ్లింది. నేను కటకటాలు పట్టుకుని బయటే నిలబడ్డాను. పాత చీర విప్పి ఉతికినది చుడుతుంటే ఇక ఆగలేక పిలిచాను.

"ఇగో, గుంతల చెయ్యి పెట్టి సూడు."

కుచ్చిళ్లు సర్దుతున్నట్టు వంగి చీర కింద చెయ్యి పోనిచ్చింది. అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఉన్నదా?"

అది నా వైపు తిరగలేదు. "లేదక్కా. సిమెంటుతోని నింపిన్రు. నున్నగున్నది."

వెనకనుంచి ఎవరో "అమ్మా, జర జరుగున్రి, మేం మొక్కుకోవాలె" అన్నారు. జరిగాను. యారాలు విప్పిన చీరను కటకటాల మీదినుంచి అందించింది. నూనె, పసుపు, కుంకుమ పట్టి అట్టలా బిగుసుకుపోయింది. అంచు వేళ్ల మధ్య నలిపి చూశాను. బండ లేకుండా ఆ మరక పోదు.