మోరిత గారు తల వంచిన గది

ఈమధ్య శిక్షణ కోసం మొదటిసారి జపాన్ వెళ్ళినప్పుడు, ఒక చిన్న ఊరి ప్లాట్‌ఫారం మీద ఆ కేక విన్నాను. తెల్ల గ్లవుజులు తొడుక్కున్న రైలు గార్డు చూపుడువేలు చాచి, తలుపులన్నీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూపించి, వినేవాళ్ళెవరూ లేకపోయినా గట్టిగా ఏదో చెప్పి, చివర్లో "యోషి!" అని లోపలికెక్కాడు. నా వెంట వచ్చిన కుర్ర ఇంజనీర్లు పకపకా నవ్వారు. వాళ్ళకు దిగిన దగ్గర్నుంచీ అన్నీ వింతే. గుమ్మంలో విప్పిన చెప్పుల్ని వాకిలి వైపు తిప్పి పెట్టడం వింత, ఫోనులో మాట్లాడుతూ కనబడని మనిషికి వంగి దండం పెట్టడం వింత. "ఈయన తనలో తాను మాట్లాడుకుంటున్నాడేంటి సార్?" అని ఒకతను అడిగాడు. నాకు నవ్వు రాలేదు. మంచినీళ్ళ సీసా మూత తీస్తూ అటు తిరిగి నిలబడ్డాను.

ఆ వింతలన్నీ నేను రెండు వేల ఎనిమిది ప్రాంతంలోనే, జపాన్‌లో కాదు, ఒమన్‌లోని రైసూత్‌లో చూసేశాను. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు కడుతున్నారక్కడ. మాది కాకినాడ. నాది సైట్ ఆఫీసులో ఉద్యోగమే అయినా రూమ్ మాత్రం కరీంనగర్ నుంచి వచ్చిన పైపుల పనివాళ్ళతో. మా సెక్షనుకు పెద్ద, జపాన్ నుంచి వచ్చిన మోరిత గారు. అరవై దాటిన మనిషి, బక్కపలచగా, ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో ఉండేవాడు. ఆయన ఇంగ్లీషును నేను తెలుగు చేసి వాళ్ళకు, వాళ్ళ తెలుగును ఇంగ్లీషు చేసి ఆయనకు చెప్పేవాణ్ణి. తన టీ కప్పు తానే కడుక్కునేవాడు. సాయంత్రం మాతో పాటు చీపురు పట్టేవాడు. మొదటి వారం మా వాళ్ళు, అంత పెద్ద జీతం తీసుకునేవాడు చీపురు పడితే మన కొలువు ఏమవుతుందోనని బెంగపెట్టుకున్నారు కూడా.

అన్నిటికంటే నవ్వు తెప్పించింది ఆ వేలు చూపడమే. ఎవరైనా పెద్ద పైపులోకి దిగాలంటే, బయట ఒకరు వాల్వు దగ్గర నిలబడి, దానికేసి వేలు చాచి "వాల్వు మూసి ఉంది, యోషి!" అని అరవాలి. యోషి అంటే బాగుంది, సరిగ్గా ఉంది అని. తర్వాత లోపలున్న మనిషిని పేరు పెట్టి పిలవాలి. జవాబు వచ్చేదాకా వాల్వు దగ్గర్నుంచి కదలకూడదు. మా రూమ్‌లో మల్లయ్య అని ఒకడుండేవాడు. ముప్పై అయిదేళ్ళవాడు, నోరు ఊరుకోదు. "కండ్ల ముంగట ఉన్నదాన్ని వేలు వెట్టి సూపుడేంది? సారుకు గాలి సోకినట్టుంది" అన్నాడు. ఆ రాత్రి వంట దగ్గర పొయ్యికి ఎదురుగా అటెన్షన్‌లో నిలబడి, "అన్నం ఉడికింది, యోషి! పప్పుల ఉప్పు వడ్డది, యోషి!" అంటుంటే మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఈ సంగతి మోరిత గారి దాకా పోయింది. ఆయన మర్నాడు మల్లయ్యను పిలిచి, ముఖంలో నవ్వన్నది లేకుండా, అతని మోచేతిని సరిచేసి, "వేలు నిటారుగా ఉండాలి. అన్నానికైనా" అన్నాడు.

అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది. పైపులో ఉన్నప్పుడు ఆయన "మల్లయ్యా!" అని పిలిస్తే, లోపల్నుంచి "ఉన్న సార్, ఏడికి వోతా!" అని గుమ్మటంలోంచి వచ్చినట్టు జవాబొచ్చేది. దానర్థం నేను చెప్పాక మోరిత గారు మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వాడు. తర్వాత ఆ జవాబు కోసమే రెండుసార్లు పిలిచేవాడని నా అనుమానం. మల్లయ్య ఊరి నుంచి తెచ్చిన మామిడి తొక్కు డబ్బాలో పెట్టి ఇస్తే, అది ఖాళీగా తిరిగి రాలేదు, బియ్యప్పిండి బిస్కెట్లతో వచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మా అమ్మ కూడా అనేది. అంత దూరం మనిషికీ మాకూ ఇంత దగ్గర పోలిక ఉంటుందని నేననుకోలేదు.

ఖరీఫ్ అని అక్కడివాళ్ళు పిలిచే వానాకాలపు తుంపర మొదలైన రోజుల్లో ఒక మీటింగు కోసం మోరిత గారిని మస్కట్ రమ్మన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. పని వెనకబడిందని ప్రాజెక్టు మేనేజరుకు అప్పటికే మంట. మన దేశంవాడే. మేం అటు వెళ్ళగానే ఇటు సైట్‌కొచ్చి, "ముసలాయన లేడుగా, ఆ నాటకాలు ఆపి పని కానివ్వండి" అన్నాడట. వాల్వు దగ్గర మనిషిని తీసి వేరే పనిలో పెట్టారు. మల్లయ్య పైపులోకి దిగాడు. ఎవరూ వేలు చూపలేదు, ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. లైను పరీక్షించాలని వచ్చిన ఇంకో కంపెనీ వాళ్ళు, లోపల మనిషి ఉన్నాడని తెలియక వాల్వు తిప్పారు. ఆ నీళ్ళలో మల్లయ్య పోయాడు.

మేం తిరిగొచ్చేసరికి మేనేజరు అందరికీ ఒకటే పాఠం నూరిపోశాడు: మల్లయ్య ఎవరికీ చెప్పకుండా తనంతట తాను దిగాడు. అలా తేలితే కంపెనీ చేతులు దులుపుకుంటుంది, పెళ్ళాంపిల్లలకు దక్కేది శవపేటికే. మోరిత గారు ఆఫీసుకు వెళ్ళలేదు. విమానాశ్రయం నుంచి సరాసరి మా రూమ్‌కు వచ్చాడు. గుమ్మంలో మా రబ్బరు చెప్పుల మధ్య తన బూట్లు విప్పి, అలవాటుగా వాకిలి వైపు తిప్పి పెట్టాడు. లోపలికొచ్చి మల్లయ్య మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించాడు. ఎంతకీ లేవలేదు. మా వాళ్ళకు ఆ దండం అర్థమయ్యే తీరు ఒకటే. తప్పు చేసినవాడే కాళ్ళ మీద పడతాడు. మల్లయ్య బావమరిది సత్తెన్న ఒక్క ఉదుటున లేచి ఆయన కాలరు పట్టుకున్నాడు. "అంటే మా బావను నువ్వే సంపినవా? చెప్పు, నువ్వేనా?"

"వదులు సత్తెన్నా, ఆయన నాతోనే మస్కట్‌లో ఉన్నాడు" అని అరిచాను. మోరిత గారు చేయెత్తి నన్నాపాడు. చొక్కా గుండీ తెగి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోకుండానే మళ్ళీ వంగాడు. తిరిగి కారులో వెళ్తూ అడిగాను, నిజం ఎందుకు చెప్పనివ్వలేదని. "నేను మస్కట్‌లో ఉన్నానన్నది సాకు. సైట్ నాది. మనిషిని పోగొట్టుకున్న గదిలోకి సాకు తీసుకుపోకూడదు" అన్నాడు.

విచారణ రోజు మేనేజరు తన పాఠం అప్పజెప్పబోతుంటే మోరిత గారు లేచి నిలబడ్డాడు. మల్లయ్య ఎప్పుడూ తన మాట దాటి పని చేయలేదని, దిగమంటేనే దిగాడని, వాల్వు దగ్గర కాపలా మనిషి లేకుండా సైట్ నడిచిందంటే ఆ బాధ్యత పూర్తిగా తనదేనని చెప్పాడు. మేనేజరు పేరు కూడా చెప్పమని ముందురోజంతా బతిమాలాను. ఆయన చెప్పలేదు. మేనేజరు అదే అదనుగా మొత్తం ఆయన మీదికి తోసేశాడు. మల్లయ్య మీద మచ్చ పడలేదు, కుటుంబానికి రావలసిన పరిహారం వచ్చింది. మోరిత గారిని మాత్రం ఉద్యోగంలోంచి తీసేసి పంపించారు. ఆ మేనేజరు తర్వాత పై కుర్చీలోకి కూడా వెళ్ళాడు. ఈ సంగతిలో మోరిత గారి మీద నాకు ఇప్పటికీ కోపమే. అంత మంచితనం ఒక దుర్మార్గుణ్ణి కాపాడింది. గౌరవమూ కోపమూ ఒకే మనిషి మీద ఇన్నేళ్ళు ఉండగలవని ఆయన వల్లే తెలిసింది.

దగ్గర్లోని సలాలా విమానాశ్రయంలో మల్లయ్య శవపేటికను అప్పగించే చోటికి ఆయన కూడా వచ్చాడు. పెట్టె మీద రాసిన పేరు మీదికి వేలు చాచి "మల్లయ్య" అని పైకి చదివాడు. ఊరి పేరు చదివాడు. మూత నాలుగు మూలలా ఒక్కొక్క మేకునూ చూపించాడు. చివర్లో యోషి అనాలి. నోరు తెరిచాడు, మాట రాలేదు. చాచిన వేలు అలాగే ఉండిపోయింది. అప్పుడు, కాలరు పట్టుకున్న ఆ సత్తెన్నే దగ్గరికొచ్చి, ఆయన చేతిని రెండు చేతులతో మెల్లగా కిందికి దించి, "యోషి సార్. మంచిగనే ఉన్నది" అన్నాడు.

వారం తర్వాత మల్లయ్య భార్య లచ్చవ్వ ఫోన్ చేసింది. ఆమె మొదట అడిగింది ఒకటే. "అన్నా, మా ఆయనదే తప్పని అన్నరా ఆడ?"

"లేదమ్మా. మా పెద్ద సారు, జపాన్ ఆయన, అందరి ముందూ తనదే బాధ్యతని ఒప్పుకున్నాడు."

"మరి ఆయననేం జేసిన్రు?"

"కొలువు తీసేసి పంపించేశారు."

"ఆయనకు పిల్లలున్నరా అన్నా?" అంది.

నాకు తెలియదు. మా పిల్లల పేర్లన్నీ ఆయనకు వచ్చు. ఆయన ఇంట్లో ఎవరున్నారో మాలో ఒక్కరూ ఎన్నడూ అడగలేదు. భర్తను పోగొట్టుకుని నెల తిరగని మనిషికి తట్టిన ప్రశ్న, రోజూ పక్కన తిరిగిన నాకు తట్టలేదు.

ఇప్పుడు విశాఖ దగ్గర ఒక చిన్న ప్లాంటుకు నేనే పెద్దను. ప్లాట్‌ఫారం మీద నవ్విన కుర్రాళ్ళు నా దగ్గర పనిచేసేవాళ్ళే. తిరుగు ప్రయాణంలో వాళ్ళకు ఇదంతా చెప్పాను. మా దగ్గర మనిషి ట్యాంకులోకి దిగిన ప్రతిసారీ వాల్వు దగ్గర నేనే నిలబడతాను. వేలు చాచి, మూసి ఉందని పైకే అంటాను. తర్వాత లోపలున్న మనిషిని పేరు పెట్టి పిలుస్తాను. "ఉన్నాను సార్" అని లోపల్నుంచి వినబడేదాకా చాచిన వేలు దించను.