సీజర్ కాలు, మహాలక్ష్మమ్మగారి తాళం

1990 వేసవి చివర్లో నన్ను కరీంనగర్ జిల్లా నుంచి హైదరాబాదుకు బదిలీ చేశారు. యూసుఫ్‌గూడకు దగ్గర్లో ఒక చిన్న ప్రభుత్వ పశువైద్యశాల. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఆ పేరులో అసిస్టెంట్ అన్న మాట చూసి నేను ఎవరికో సహాయకురాలిననుకునేవాళ్ళు. మా శాఖలో డిగ్రీ పుచ్చుకుని చేరిన డాక్టరుకు మొదటి హోదా అదే. ఆస్పత్రికి బాధ్యురాలిని నేనే. నా కింద కట్లు కట్టడానికీ మందులివ్వడానికీ బోరబండలో కాపురముండే కాంపౌండర్ యాదయ్య.

అంతకుముందు నా పనంతా బర్రెలతోనూ మేకలతోనూ. బర్రె కాలికి దెబ్బ తగిలితే ఆ రైతు నేను చెప్పిన మాట పొల్లుపోనిచ్చేవాడు కాదు. బర్రె లేకపోతే వాళ్ళకు ఇల్లు గడవదు. జూబ్లీహిల్స్‌లో కుక్క లేకపోయినా ఇల్లు గడుస్తుంది. అందుకని అక్కడ నా మాట వినవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. కుక్క తల్లి పేరు, తాత పేరు, అది ఏ పోటీలో ఏ పతకం గెలిచిందీ గడగడా చెప్పేవాళ్ళు. దానికి చివరిసారి నులిపురుగుల మందు ఎప్పుడు వేశారని అడిగితే పనిమనిషి వైపు చూసేవాళ్ళు.

ఆ ఏడాది వర్షాకాలంలో ఒక నిర్మాతగారి కారులో ఒక అల్సేషియన్ కుక్కను మా ఆస్పత్రికి తెచ్చారు. నిర్మాతగారి పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. కుక్క పేరు సీజర్. కుడి వెనకకాలు గాలిలో వేలాడుతోంది. ఏమైందని అడిగితే, “మెట్లమీద జారిందండీ” అన్నాడు వెంట వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు.

మెట్లమీద జారిన కుక్కకు తొడ ఎముక అలా విరగదు. నేను మళ్ళీ అడిగాను, అతను మళ్ళీ మెట్లే చెప్పాడు. ఈలోగా యాదయ్య బయటికి వెళ్ళి డ్రైవరుతో ఒక బీడీ కాల్చి వచ్చి నా చెవిలో వేశాడు. “మెట్లు గిట్ల ఏం లేవు మేడం. సినిమాల హీరో జీపుల పోతుంటే కుక్క మిద్దె మీదికెల్లి దుంకాలెనట. ఫిల్మ్‌నగర్‌ల రియర్సల్ చేపిచ్చిండ్రు. కింద పరుపులేసిండ్రు గానీ, అది పక్కకు పడ్డది.”

నిజం మాకెందుకంటే, ఎత్తు నుంచి పడిన జంతువుకు వెన్నెముక, కటి ఎముకలు, మూత్రాశయం కూడా చూడాలి. మెట్ల కథ నమ్మి ఉంటే కాలొక్కటే చూసి పంపేసేదాన్ని. అదృష్టవశాత్తూ మిగతావి బాగున్నాయి. ఎక్స్‌రే యంత్రం మా దగ్గర లేదు. నగరంలోని పెద్ద పశువైద్యశాలలో తీయించి, అక్కడి ఆపరేషన్ గదిలోనే అక్కడి సీనియర్ సర్జన్‌గారూ నేనూ కలిసి శస్త్రచికిత్స చేశాం. విరిగిన రెండు ముక్కలనూ వరసకు తెచ్చి, ఎముక మధ్యనున్న మూలుగ గొట్టంలోకి స్టీలు కడ్డీ దించడం. దాన్ని పిన్ అంటాం. పిన్ ఎముకను అతికించదు, కదలకుండా పట్టుకుని ఉంటుంది, అంతే. అతుక్కోవడం ఎముక పని, దాన్ని అతుక్కోనివ్వడం ఇంట్లోవాళ్ళ పని. సర్జను పని అందులో చిన్న భాగమని మాకు కాలేజీలోనే చెప్పారు. నేను అర్థం చేసుకున్నది మాత్రం జూబ్లీహిల్స్‌లో.

సీజర్‌ను ఇంటికి పంపిన రోజు నేను కూడా వెళ్ళాను. హాలు నిండా మనుషులు. నిర్మాతగారు, ఆయన భార్య, ఇద్దరు కూతుళ్ళు, దర్శకుడు, ఎందుకున్నారో తెలియని మరో నలుగురైదుగురు. అందరి ముందూ వివరంగా చెప్పాను. కుక్క లేచి తిరగడానికి మాత్రమే సరిపడే చిన్న చోటులో ఉంచాలి. పాలరాతి నేల మీద నడవనివ్వకూడదు, కాలు జారితే పిన్ వంగుతుంది. మెట్లూ సోఫాలూ ఎక్కించకూడదు. మలమూత్రాలకు బయటికి తీసుకెళ్ళేటప్పుడు పొట్ట కింద గుడ్డ వేసి, వెనక భాగాన్ని పైకి పట్టుకుని నడిపించాలి. కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి చేసిన తొడుగు వేశాం, దాన్ని తియ్యకూడదు. రోజూ వేళ్ళు వాచాయేమో, చల్లబడ్డాయేమో చూడాలి. అందరూ తలలూపారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది కూడా. ఆ కుక్కను అంతమంది ప్రేమిస్తున్నారని చూసి నేను నిశ్చింతగా వెనక్కి వచ్చాను.

కొన్ని రోజులకు కుట్లు చూద్దామని వెళితే సీజర్ మేడమీద పడకగదిలో, సోఫా మీద ఉంది. మెడకు తొడుగు లేదు. కుట్లలో సగం ఊడి, గాయం నోరు తెరుచుకుని చీము పట్టింది. ఎదురుగా ఒక సినిమా వారపత్రిక ఫోటోగ్రాఫరు దీపాలు బిగించుకుంటున్నాడు. సినిమాలో హీరోయిన్‌గా వేస్తున్న అమ్మాయి సీజర్ నోటికి కేకు ముక్క అందిస్తోంది.

“తొడుగు ఎవరు తీశారు?” అని అడిగాను.

“ఫోటోలో బకెట్ బాగుండదు కదండీ,” అన్నాడు ఫోటోగ్రాఫరు. ఏమీ తెలియనిదానికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

నిర్మాతగారి భార్య నా చెయ్యి పట్టుకుంది. “చిన్న గదిలో పెడితే రాత్రంతా ఏడుపేనండీ డాక్టరుగారూ. నా ప్రాణం ఉసూరుమంది. అందుకే పైకి తెప్పించుకున్నా. వాడు నాకు కొడుకుతో సమానం.”

కన్నకొడుక్కి కాలు విరిగితే ఆపరేషను కుట్లు చీము పట్టేదాకా ఫోటోలు తీయిస్తారా అని అడగలేదు. ప్రభుత్వోద్యోగి కొన్ని మాటలు మింగాలి. దీపాలు ఆర్పమని చెప్పి, గాయం కడిగి, మళ్ళీ కుట్లు వేసి, ఇలాగే ఉంటే పిన్ వెంట చీము ఎముకలోకి దిగుతుంది, కాలు తీసెయ్యాల్సి వస్తుందని గట్టిగా చెప్పాను. “అబ్బే, మనవాడు ఫైటరండీ!” అన్నారు నిర్మాతగారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

దిగి వస్తుంటే వంటింటి గుమ్మంలో ఒక పెద్దావిడ నన్ను ఆపింది. తెల్లచీర, చేతిలో గరిటె. నిర్మాతగారి అక్కగారు, మహాలక్ష్మమ్మగారు. భర్త పోయాక తెనాలి వైపు నుంచి వచ్చి తమ్ముడి ఇంట్లో వంట చూసుకుంటున్నారు. చిన్న పిల్లల్ని అడిగినట్టు, మీరెవరమ్మా, ఏవిట్లు అని ముందు నా కులం అడిగారు. క్రైస్తవులమని చెప్పాను. లోపల్నించి వేరే గ్లాసు తెప్పించి కాఫీ ఇచ్చారు. అది గమనించలేదన్నట్టు తాగాను.

“ఆ దరిద్రుల ముందు ఏం చెప్పినా ప్రయోజనం ఉండదు డాక్టరమ్మా. ఏం చెయ్యాలో నాకు చెప్పండి,” అన్నారు.

“మీకు కుక్కలంటే ఇష్టమా అండీ?”

“ఛీ! అసహ్యం. వంటింట్లోకి వచ్చిందంటే గిన్నెలన్నీ కడుక్కోవాలి.” గరిటె మేడ వైపు చూపించారు. “కానీ ఈ ఇంట్లో అన్నీ మొదలుపెడతారు, ఏదీ పూర్తి చెయ్యరు. సినిమాలూ అంతే, పెళ్ళి సంబంధాలూ అంతే. ఈ కాలన్నా పూర్తవ్వాలి.”

మరునాడే వంటింటి వెనక సామాన్ల గది ఖాళీ చేయించారట. నేను మళ్ళీ వెళ్ళేసరికి నేల మీద కొబ్బరిపీచు చాపలు పరిచి, వాటి మీద గోనెసంచులు కుట్టించి ఉన్నాయి. సీజర్ మెడకు తొడుగు ఉంది. తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది. తన పాత చీరను మడతలు పెట్టి పొట్ట కింద వేసి, ఆవిడే దాన్ని పెరట్లోకి నడిపించేవారు. నడిపించినంతసేపూ దాన్నీ, దాన్ని పెంచినవాళ్ళనూ తిడుతూనే ఉండేవారు. మోకాలు బిగుసుకుపోకుండా రోజూ మెల్లగా వంచి చాపాలని నేను చూపిస్తే, నోటితో స్తోత్రం చదువుకుంటూ ఆ పని చేసేవారు. కుక్కను ముట్టుకున్న ప్రతిసారీ తలస్నానం. ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌కు నీళ్ళు ట్యాంకర్లలో వచ్చేవి. వదినగారి స్నానాలకే ట్యాంకరు అయిపోతోందని మరదలు నాకు ఫిర్యాదు చేసింది.

మొదటి వారం సీజర్ అరిచింది. మేడమీద ఏడ్చారు. మహాలక్ష్మమ్మగారు తలుపు తియ్యలేదు. రెండో వారానికి కుక్క ఊరుకుంది, మేడమీద కూడా ఊరుకున్నారు. చీము తగ్గింది, కుట్లు తీసేశాను. ఆ తర్వాత తీయించిన ఎక్స్‌రేలో విరిగినచోట కొత్త ఎముక మొదలైంది. కానీ అప్పటికి అది మెత్తటి జిగురులాంటిదే. కుక్క కాలు ఆన్చి నడవడం మొదలుపెట్టింది. అసలు ప్రమాదం ఈ దశలోనే. చూసేవాళ్ళకు నయమైనట్టు కనిపిస్తుంది, ఒక్క గెంతు గెంతితే మొత్తం మొదటికొస్తుంది.

చూసేవాళ్ళలో దర్శకుడు కూడా ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను కాలు చూసి గది బయటికి వస్తుండగానే యూనిట్ వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. వెనక హీరోగారి కారు.

“ఒక్క షాటే మేడం. హీరోగారికి ఎదురుగా నాలుగు గెంతుల్లో వచ్చెయ్యాలి, అంతే. డేట్లు మళ్ళీ దొరకవు. కుక్క ఫిట్‌గా ఉందని చిన్న సర్టిఫికెట్ రాసివ్వండి,” అన్నాడు దర్శకుడు.

రాయనన్నాను. నిర్మాతగారు లోపలికి వెళ్ళి ఎవరికో ఫోను చేశారు. కాసేపటికి నన్నే పిలిచారు. అవతల మా పై అధికారి. “కొంచెం చూసి చెయ్యమ్మా. పెద్దవాళ్ళతో ఎందుకు?” అన్నారు. రాతపూర్వకంగా ఆదేశమిస్తే ఆలోచిస్తానన్నాను. ఆయన వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశారు.

“సర్టిఫికెట్ లేకపోతే ఏం, కుక్క నాది,” అన్నారు నిర్మాతగారు. నాకు భయం వేసింది. చట్టప్రకారం ఆయన మాట నిజం. నేను కాగితం ఇవ్వకుండా ఉండగలను కానీ, కుక్కను ఆపలేను. ఆయన వంటింటి వైపు వెళ్ళారు, వెనకే మేమంతా.

“అక్కయ్యా, తాళంచెవి ఇవ్వు.”

మహాలక్ష్మమ్మగారు తలుపుకు వీపు ఆన్చి నిలబడ్డారు. “ఇవ్వనురా బాబ్జీ.”

“యూనిట్ అంతా బయట నిలబడి ఉంది!”

“కూర్చోమను. కాఫీలు పంపిస్తాను.”

“ఇది నా ఇల్లు అక్కయ్యా.” నిర్మాతగారి గొంతు మారింది. “నా ఇంట్లో ఉంటూ నా మాట కాదంటే ఎలా కుదురుతుంది?”

ఆవిడ ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. అరవై దాటిన మనిషి. వెనక్కి వెళితే అక్కడ ఏముందో నాకు తెలియదు, ఆవిడకు తెలుసు. చేత్తో తలుపు గొళ్ళెం పట్టుకున్నారు.

“నీ ఇల్లే. రేపు పొద్దున బస్సెక్కించు, వెళ్తాను. దాని కాలు బాగయ్యేదాకా తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది. కావాలంటే తలుపు పగలగొట్టుకో. నీ హీరోగారిని కూడా పిలువు, ఆయనా చూస్తాడు.”

హీరోగారు కారు దిగలేదు. తెర మీద ఊళ్ళకు ఊళ్ళనే కాపాడే మనిషి, అద్దం కొంచెం దించి, ఎందుకు ఆలస్యమవుతోందని మేనేజరును అడిగి, అద్దం ఎత్తేసుకున్నాడు. లైట్‌బాయిలూ డ్రైవర్లూ పెరటి గోడ పక్కన గుమిగూడి చూస్తున్నారు. అంతమంది ముందు సొంత అక్కను పక్కకు తోసి తలుపు పగలగొట్టడానికి నిర్మాతగారికి ధైర్యం చాలలేదు. జాలి వల్ల కాదు, సాయంత్రానికి సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్ అంతా చెప్పుకుంటారని. వ్యాను వెళ్ళిపోయింది. మహాలక్ష్మమ్మగారు అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయారు. నేను దగ్గరికి వెళ్ళబోతే, “నన్ను ముట్టుకోకండి, ఇప్పుడే స్నానం చేశాను,” అన్నారు.

తర్వాత అంతా మామూలుగానే జరిగింది. ఎముక గట్టిపడ్డాక పిన్ తీసేశాను. సీజర్ నాలుగు కాళ్ళ మీదా సరిగ్గా నడిచింది. ఎత్తు నుంచి దూకించవద్దని చెప్పాను. ఇక దూకించే అవసరం ఎవరికీ లేదు. షాటు ఇంకో కుక్కతో తీసేశారు, సీజర్‌లా కనపడాలని దాని చెవులకు నల్లరంగు పూసి. ఆ సినిమా ఎన్నాళ్ళు ఆడిందో అడగకండి. మేడమీదివాళ్ళు ఒక కొత్త పొమరేనియన్ పిల్లను కొని దానికి కొడుకు హోదా ఇచ్చారు. మహాలక్ష్మమ్మగారిని ఎవరూ బస్సెక్కించలేదు, ఆ ఇంట్లో వంట చెయ్యగలిగే మనిషి ఇంకొకరు లేరు గనక. చివరిసారి వెళ్ళినప్పుడు, ఇప్పుడు సీజర్‌తో ఎలా ఉందని అడిగాను. “కాలు బాగైంది కదా. తోటలో ఉంటుంది. నా గుమ్మం ఎక్కితే కర్రతో కొడతాను,” అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

మరుసటి ఏడాది నన్ను మళ్ళీ జిల్లాకు బదిలీ చేశారు, పరిపాలనా కారణాల వల్ల. ఆ కారణాలు ఏమిటో ఉత్తర్వులో రాయరు.

ఆ తర్వాత నా సర్వీసంతా ఒక పద్ధతి పాటించాను. కాలికి శస్త్రచికిత్స చేసిన కుక్కను ఇంటికి పంపేముందు, దీన్ని ఎవరు ఎక్కువ ముద్దు చేస్తారని అడగలేదు. ఈ ఇంట్లో “వద్దు” అని చెప్పి, ఆ మాట మీద నిలబడే మనిషి ఎవరని అడిగేదాన్ని. జాగ్రత్తలన్నీ ఆ మనిషికే చెప్పేదాన్ని. అలాంటి మనిషి ఇంట్లో లేరంటే, ఎముక అతికేదాకా కుక్కను ఆస్పత్రిలోనే ఉంచుకునేదాన్ని.