గాజుల సెట్టిగారి ఆస్పత్రి

పోయిన నెల కంటి శుక్లం ఆపరేషనుకని మా అమ్మాయి నన్ను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ళ ఇంటికి దగ్గర్లోనే ఉన్న కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేసి ఎందరికో ధైర్యం చెప్పి లోపలికి పంపినదాన్ని, తీరా నా వంతు వచ్చేసరికి భయమేసిందంటే కుర్రవాళ్ళు నవ్వుతారు గాని మన వయసు వాళ్ళు నవ్వరులెండి. పచ్చ గౌను తొడిగి నన్ను కూర్చోబెట్టాక, మనవరాలి వయసున్న నర్సు పిల్ల ఒకతె వచ్చి, చేతికొకటి చొప్పున ఉన్న నా రెండు మట్టిగాజులనూ నేను తీసేలోపే తనే చటుక్కున లాగేసి, ప్లాస్టిక్ కవరులో వేసి, దానిమీద నా పేరున్న స్టిక్కరు అంటించి వెళ్ళిపోయింది. పని పద్ధతిగానే చేసింది, వంక పెట్టడానికేమీ లేదు. అయినా బోసిపోయిన మణికట్లు చూసుకుంటూ కూర్చున్న ఆ కాసేపూ నాకు ఆపరేషన్ భయం లేదు, మా గాజుల సెట్టిగారే కళ్ళముందు మెదిలారు.

ఆయన బళేపేటలో పేరు మోసిన గాజుల వ్యాపారి. తాతల నాడు రాయలసీమ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేవారు. టోకు వ్యాపారం ఎంత పెద్దదైనా, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద తానే బాసింపట్టు వేసుకుని కూర్చుని, వచ్చిన ఆడవాళ్ళ చేతులకు తానే గాజులు తొడిగేవారట. గాజులు తొడిగేవాడు పుట్టింటి మనిషితో సమానమని ఆ వృత్తిలో వాళ్ళ నమ్మకం. అందుకే ఎంత బిడియపడే పిల్లయినా ఆయన ముందు జంకు లేకుండా చెయ్యి చాపేది.

అటువంటి మనిషి అంగడి వదిలి ఆస్పత్రి ఎందుకు కట్టారో నాతో ఒక్కసారే చెప్పారు. తొంభైల మొదట్లో వాళ్ళ వీధి వెనక ఏదో పెద్ద భవనం లేస్తుంటే, అనంతపురం వైపు నుంచి కూలికి వచ్చిన ఒక నిండు చూలాలు తలమీది చుట్టకుదురు చంకన పెట్టుకుని వచ్చి, తనకు సీమంతం చేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరనీ, పచ్చగాజులు తొడగమనీ అడిగిందట. ఆయన రెండు చేతులకూ నిండుగా తొడిగి పంపారు. ఆ నెల తిరక్కుండానే రేకుల షెడ్డులో కాన్పు కష్టమై తల్లీబిడ్డా ఇద్దరూ పోయారన్న కబురు వచ్చింది. “నేను తొడిగిన గాజులతోనే పోయింది సిస్టరమ్మా” అని చెప్పి, లేచి వెళ్ళి వరండాలో వెలుగుతున్న లైటు ఆర్పి వచ్చారు.

లైటు ఆర్పడం ఆయనకు ఊపిరి పీల్చుకోవడంలాంటిది. అంగడి తమ్ముడికి అప్పజెప్పి, వర్తూరు చెరువు దగ్గర గోడౌను కోసం కొనిపెట్టుకున్న స్థలంలో చిన్న కాన్పుల ఆస్పత్రి కట్టించిన ఉదారుడే, ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే మాత్రం నా ప్రాణం తీసేవారు. గాజులొచ్చిన అట్టపెట్టెల్లోనే మా దూదీ, మాత్రలూ సర్దించేవారు. ఎంత చెప్పినా రోగుల్ని రోగులనేవారు కాదు. పొద్దున రాగానే గుమ్మంలో నుంచే “ఈ పొద్దు గిరాకీ ఎట్లుండాది సిస్టరమ్మా?” అని కేకేసేవారు, మా డాక్టరమ్మ ఆ మాటకు మొహం ముడుచుకునేది. ఒంగోలు దగ్గర మా చర్చి పాస్టరుగారి మాటసాయంతో ఉద్యోగానికి వచ్చిన నాకు, రాగి చేల మధ్య నుంచి బస్సు వెళ్తుంటే చెరువు మీది చల్లగాలి మొహానికి కొట్టడమూ, ఈ సెట్టిగారి కేకా కలిసి, కొత్త ఊరన్న బెంగ కొద్దిరోజుల్లోనే తగ్గిపోయింది. ఆ చెరువు ఆ తర్వాత ఊరి మురుగుతో నురగలు కక్కడమూ ఈ కళ్ళతోనే చూశాను, ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.

అంతా బాగానే ఉంది గాని, గిరాకీ మాత్రం రాలేదు. సెట్టిగారు స్వయంగా స్కూటరు మీద చుట్టుపక్కల కూలీల షెడ్లన్నీ తిరిగి, కాన్పుకు రండమ్మా, పైసా ఇవ్వక్కర్లేదని పిలిచి వచ్చేవారు. ఆడవాళ్ళు గుంపుగా వచ్చేవాళ్ళు, మంచాలు తడిమి చూసేవాళ్ళు, కాన్పుగదిలోకి తొంగి చూసేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. నొప్పులొచ్చినప్పుడు ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. కాన్పులన్నీ షెడ్లలోనే జరుగుతున్నాయని వింటూనే ఉన్నాం. జీవితమంతా అంగడి తెరిస్తే జనం రావడమే ఎరిగిన ఆయనకు ఇది మింగుడుపడలేదు. వాళ్ళకు చదువులేదు, తెలియదు అని డాక్టరమ్మ తేల్చేసింది. నేనూ అవుననే అనుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం ఒక మేస్త్రి తల్లి, తొలిచూలు కోడల్ని ఆటోలో తీసుకొచ్చింది. అమ్మాయి పొట్టమీద చెయ్యి వేసి చూస్తే బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఇలాంటి కాన్పు షెడ్డులో జరిగితే ఇద్దరూ దక్కరు. మా వార్డులో పనిచేసే ఆయమ్మ ఆస్పత్రుల పద్ధతి ప్రకారం స్టీలు గిన్నె తెచ్చి, గడపలోనే ఆ పిల్ల చేతి గాజులు తీయబోయింది. అంతే, ఆ పెద్దామె కోడలి చెయ్యి గుంజుకుని వెనక్కి తిరిగింది. బతిమాలడానికి అడ్డం వెళ్ళిన సెట్టిగారిని నిలువునా కడిగేసింది.

“గాజులమ్ముకోని బతికినోడివి, మా కోడలి చేతులు బోడి చేసేకి కట్టినావా అప్పా ఈ ఆస్పత్రి? మొగుడు గుండ్రాయి మాదిరి ఉండాడు దానికి! షెడ్డులోనే కంటాది, దేవుడుండాడు!”

చూసిపోయిన ఆడవాళ్ళెవరూ తిరిగి రానిది ఈ గాజుల గిన్నెకు భయపడేనని అప్పటికి గాని సెట్టిగారికి అర్థం కాలేదు. కాన్పుగది వైపు మగవాడు వెళ్ళకూడదని ఆయన ఒక్కనాడూ అటు తొంగిచూడలేదు. గచ్చు నుంచి గడియల దాకా అన్నీ దగ్గరుండి పెట్టించిన మనిషికి, తన గడపలోనే గాజులు తీస్తారన్న సంగతి తట్టలేదు. ముత్తయిదువ చేతుల నుంచి గాజులు ఎప్పుడు తీస్తారో ఆయన కన్నా బాగా ఎవరికి తెలుసు? ఊరందరికీ గాజులు తొడిగి, గాజుల విషయంలోనే బోల్తా పడ్డారు. తీయకుండా కుదరదా అని డాక్టరమ్మను అడిగారు. నొప్పుల్లో మంచం కడ్డీ పట్టుకుని పెనుగులాడేటప్పుడు గాజు విరిగితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని ఆవిడ చెప్పింది.

సెట్టిగారు చెప్పులు విప్పి, వరండా గచ్చు మీద అంగట్లో కూర్చున్నట్టే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. సబ్బూ నీళ్ళూ తెమ్మన్నారు, పసుపుకొమ్ము కట్టిన దారం తెమ్మని ఆయమ్మను తరిమారు.

“చెయ్యి ఇట్ల ఇయ్యి తల్లీ. తీసేదీ నేనే, మళ్ళా తొడిగేదీ నేనే. అంతవరకూ ఈ గడప దాటను.”

అత్త నోరు తెరిచేలోపే ఆ పిల్ల, నొప్పికి పెదవి కొరుక్కుంటూనే, తనంతట తాను చెయ్యి చాపింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగుతూ, తగ్గగానే కణుపులు మెత్తగా ఒత్తుతూ, ఒక్కటి కూడా చిట్లకుండా గాజులన్నీ తీశారు. చేతులు ఖాళీగా ఉండకుండా వెంటనే పసుపు దారాలు కట్టారు. ఆ పైన కాన్పుగదిలో మేము పడ్డ పాట్లు దేవుడికే తెలుసు. కాళ్ళు ముందు వచ్చిన బిడ్డ ఏడవడానికి తీసుకున్న సమయంలో నేను ప్రార్థన చేయడం కూడా మరిచిపోయాను. చివరికి ఆడపిల్ల కేరుమంది. బయట సెట్టిగారు, అన్నమాట ప్రకారం, కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. బాలింతను మంచం మీదికి మార్చాక వచ్చి కొత్త పచ్చగాజులు తొడిగారు, దిష్టి తగలకుండా బిడ్డకు నల్లగాజులు వేశారు. మేస్త్రి తల్లి చెంగు భుజం చుట్టూ కప్పుకుని ఆయనకు దండం పెట్టింది.

ఆ తర్వాత మాకు మంచాలు చాలలేదు. సెట్టిగారు రోజూ బళేపేట నుంచి స్కూటరుకు గాజుల మలారం వేలాడదీసుకుని వచ్చేవారు. గిరాకీ అన్న మాటకు మొహం ముడుచుకునే డాక్టరమ్మే ఆయనకు కాన్పుగది బయట ఒక పీట వేయించింది. ఒకసారి, కడుపుతో ఉండగానే పరంజి మీద నుంచి పడి భర్త పోయిన అమ్మాయి వచ్చింది. చేతులకు ఏమీ లేవు. కాన్పయ్యాక ఆయన ఆమెకూ గాజులు తొడుగుతుంటే పక్క మంచం దగ్గర ఎవరో గొణిగారు. “నా అంగడికొచ్చినామె ఉత్త చేతుల్తో పోకూడదప్పా” అన్నారు తలెత్తకుండానే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారు. పదోనాడు నేనూ వెళ్ళాను. ఇంటినిండా చుట్టాలు. పెద్దవాళ్ళు ఆనవాయితీ ప్రకారం ఆయన భార్య సెట్టెమ్మగారి గాజులు తీసేశారు. ముప్పొద్దులా చేతినిండా గాజులతో గలగలలాడే మనిషి, రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడకానుకుని కూర్చుంది. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

అప్పుడు వర్తూరు నుంచి మేస్త్రి తల్లి, ఆమె కోడలు, ఇంకొంతమంది ఆడవాళ్ళు వచ్చారు. కోడలి చేతిలో కాగితంలో చుట్టిన పచ్చగాజులు. చూడగానే అందరికీ అర్థమైంది. సెట్టిగారి వదిన గభాలున లేచి, ఇదేం అపచారమని అడ్డుకుంది. మేస్త్రి తల్లికి వయసు మీదపడింది గాని గొంతు తగ్గలేదు.

“ఆయప్ప తీసిన గాజులు మళ్ళా తొడక్కుండా ఎవుర్నన్నా పంపినాడా? ఆయప్ప పేరు జెప్పి తీసినారే, మరి తొడిగేదెవరు?”

సెట్టెమ్మగారు అందరి మొహాలూ చూసి, ఏడుస్తూనే, కొంగులో నుంచి చేతులు బయటకు తీసి ముందుకు చాపింది. మేస్త్రి కోడలు ఆమె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, అచ్చం సెట్టిగారిలాగే కణుపులు మెత్తగా ఒత్తి, ఒక్కొక్కటే తొడిగింది. మిగిలిన రెంటినీ సెట్టెమ్మగారు నా చేతులకు వేసింది. మా చర్చి సంఘంలో నగలు పెట్టుకునే అలవాటు లేదు, మా అమ్మ చూస్తే చీవాట్లు పెట్టేది. అయినా నేను వద్దనలేకపోయాను. అవి ఎప్పుడో చిట్లిపోయాయి. చిట్లినప్పుడల్లా బళేపేట వెళ్ళి మరో రెండు తెచ్చుకుంటూనే ఉన్నాను.

వర్తూరులో ఆస్పత్రి ఇప్పుడు నాలుగంతస్తులైంది, సెట్టిగారి పటానికి ప్లాస్టిక్ దండ వేలాడుతూ ఉంటుంది. కూలీల ఆడవాళ్ళు ఇప్పుడు ఎవరూ పిలవకుండానే కాన్పుకు వస్తున్నారు, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి పోతున్నారు. ఆయన కోరుకున్నది అదే, అది జరిగినందుకు నాకు సంతోషమే. పీట మాత్రం ఎప్పుడో సామాన్ల గదిలోకి చేరింది.

నా కంటి ఆపరేషన్ బాగానే అయింది. కంటికి మూత వేసి బయటకు తెచ్చాక ఆ నర్సు పిల్ల గాజుల కవరు పట్టుకొచ్చింది. నేను అలవాటుగా చెయ్యి చాపాను, వేళ్ళు దగ్గరకు ముడిచి, తొడగడానికి వీలుగా. ఆ పిల్ల ఒక్క క్షణం చూసి, నా వేళ్ళు విప్పి, కవరు అరచేతిలో పెట్టి, చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయింది. ఆ పిల్ల తప్పేముంది, ఆమె చేతిని పట్టుకుని కూర్చోబెట్టి గాజులు తొడిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో.

మా అమ్మాయి కారు నడుపుతోంది. నేను ఒంటి కంటితో తడుముకుంటూ ఒక గాజు నేనే తొడుక్కున్నాను. రెండోదాన్ని మాత్రం, ఇల్లు చేరేదాకా ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను.